మన ఒంట్లోని ముప్పేట తాళ్లు

నూలు చీరకు గంజి పెట్టి ఆరవేయడం మీరు చూసే ఉంటారు. గంజిలో ఉండేది పిండిపదార్థం. నూలులో ఉండేది సెల్యులోజ్. రెండింటినీ విడివిడిగా ఆమ్లంతో పూర్తిగా విడగొడితే చివరకు దొరికేది ఒకటే పదార్థం, గ్లూకోజ్ అనే చక్కెర. అంటే రసాయనశాస్త్రం దృష్టిలో గంజి పెట్టిన చీర, గ్లూకోజ్ మీద గ్లూకోజ్ పూసిన గుడ్డ! అయినా గంజి తాగితే ఆకలి తీరుతుంది, చీర నమిలితే తీరదు. వడ్లు మనకు, గడ్డి గేదెకు అని మన రైతులు ఎప్పుడో పంచిపెట్టేశారు. ఒకే మొక్క, ఒకే చక్కెర. మరి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

తేడా చక్కెరలో లేదు, దాన్ని గుచ్చిన తీరులో ఉంది. గ్లూకోజ్ అణువు ఒక చిన్న ఉంగరం వంటిది. పిండిపదార్థంలో ఈ ఉంగరాలన్నీ ఒకే వైపు ముఖం పెట్టి వరుసగా అతుక్కుంటాయి. అలా అతికిన గొలుసు కాస్త వంగుతూ పోయి స్ప్రింగులా చుట్టుకుంటుంది. బంగాళదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నీలం రంగు వస్తుందని బడిలో చేసి చూశారు కదా? ఆ స్ప్రింగు లోపలి సందులో అయోడిన్ దూరి కూర్చోవడం వల్లనే ఆ రంగు. సెల్యులోజ్‌లో అలా కాదు. ఒక ఉంగరం వెల్లకిలా ఉంటే దాని పక్కది బోర్లా ఉంటుంది. అందువల్ల గొలుసు వంగకుండా తిన్నగా సాగుతుంది. తిన్నని గొలుసులు పక్కపక్కన చేరి ఒకదాన్నొకటి పట్టుకుని నారగా తయారవుతాయి. మన లాలాజలంలోని ఎంజైము మొదటి రకం అతుకునే కోయగలదు. రెండో రకం అతుకు దానికి లొంగదు. గేదెకు కూడా స్వయంగా ఆ శక్తి లేదు. దాని కడుపులో కాపురముండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి.

జీవులన్నిటిలోనూ ముఖ్యమైన పనులు చేసేవి ఇటువంటి పొడవాటి గొలుసులే. వీటిని బృహదణువులు అంటారు.

గొలుసులని నమ్మని రోజులు

నీటి అణుభారం 18. గ్లూకోజ్‌ది 180. మన రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్‌ది సుమారు 64,500! అంత పెద్ద అణువు ఉంటుందంటే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. రబ్బరు, సెల్యులోజ్ వంటివి చిన్న చిన్న అణువులు ఏదో బలహీనమైన ఆకర్షణతో గుమిగూడిన ముద్దలని వారి వాదన. కాదు, అవి మామూలు రసాయన బంధాలతోనే అతికిన నిజమైన గొలుసులని 1920లో హెర్మన్ స్టాడింగర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రాశాడు. ఆయన మాట నెగ్గడానికి సంవత్సరాలు పట్టింది. నోబెల్ బహుమతి 1953లో గాని రాలేదు.

గొలుసు కట్టే పద్ధతి మాత్రం చాలా సరళం. రెండు చిన్న అణువులు కలిసినప్పుడల్లా ఒక నీటి అణువు బయటికి పోతుంది. ఆ అతుకు విడగొట్టాలంటే పోయిన నీటి అణువును మళ్లీ చేర్చాలి. జీర్ణక్రియ అంటే చాలావరకు ఇదే. మనం తిన్న గొలుసులను నీరు చేర్చి పూసలుగా విడగొట్టడం, ఆ పూసలతో మన గొలుసులు మనం కట్టుకోవడం.

పాఠ్యపుస్తకాల్లో పిండిపదార్థాలు, ప్రోటీన్లు, కేంద్రకామ్లాలు, కొవ్వులు అని నాలుగింటినీ ఒకే వరుసలో చెబుతారు. పరీక్షలో అలాగే రాయండి, తప్పులేదు. కాని కొవ్వులు నిజానికి గొలుసులు కావు. అవి చిన్న అణువులే. నీటికి దూరంగా ఉండాలనే స్వభావం వల్ల ఒకచోట చేరి కణత్వచం వంటి పెద్ద పొరలు కడతాయి. గొలుసులని చెప్పదగినవి మిగతా మూడే.

వీటిలో పిండిపదార్థాలకు ఒకటి రెండు రకాల పూసలు చాలు. డి.ఎన్.ఎ.కు నాలుగు రకాలు. ప్రోటీన్లకు 20 రకాల అమైనో ఆమ్లాలు. నూరు పూసల ప్రోటీన్ గొలుసును ఎన్ని విధాలుగా గుచ్చవచ్చో లెక్క వేయండి. 20ని నూరుసార్లు గుణించాలి. జవాబు 1 పక్కన 130 సున్నాలు పెట్టినంత కంటే ఎక్కువే. ఏ పూస తరువాత ఏ పూస రావాలో డి.ఎన్.ఎ.లో మూడేసి అక్షరాల మాటలుగా రాసి ఉంటుంది. ఇంతవరకు మీకు తెలిసిందే. అయితే వరుస తెలిసినంత మాత్రాన గొలుసు ఏ ఆకారంలో ముడుచుకుంటుందో తెలిసిపోదు. గంజికీ నూలుకూ తేడా ఆకారంలో ఉన్నట్లే ప్రోటీన్ల గుణమూ ఆకారంలోనే ఉంది. ఆ ఆకారాలకు హద్దులేమిటో కనిపెట్టిన పని మన మద్రాసులో జరిగింది. అది మొదలైంది తోలుతో.

పాయ ఎందుకు గడ్డకడుతుంది?

మన శరీరంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్ కొలాజెన్. ఒంట్లోని మొత్తం ప్రోటీన్‌లో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఇదే. చర్మానికి గట్టిదనం, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనానికి బలం, ఎముకకు విరగకుండా నిలిచే సత్తా దీని వల్లనే వస్తాయి. ఎముక అంటే సున్నపు ముద్ద అనుకుంటాం గాని, కాల్షియం లవణాలు పట్టుకుని కూర్చోవడానికి లోపల కొలాజెన్ నారలు లేకపోతే అది సుద్దముక్కలా పుటుక్కున విరిగిపోతుంది. ఇంట్లో చేసి చూడండి. కోడి కాలి ఎముకను కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెడితే లవణాలు కరిగిపోయి ఎముక రబ్బరులా వంగుతుంది. అప్పుడు మీ చేతిలో మిగిలింది ముఖ్యంగా కొలాజెన్.

పచ్చి తోలును అలాగే వదిలేస్తే కుళ్లిపోతుంది. మన ఊళ్లలో దాన్ని లందలో తంగేడు చెక్క నానిన నీళ్లలో ఊనబెట్టేవారు. చెక్కలోని టానిన్లు కొలాజెన్ నారలను ఒకదానితో ఒకటి బంధిస్తాయి. ఇక సూక్ష్మజీవులు వాటిని తినలేవు. దక్షిణ భారతదేశపు తోళ్ల వ్యాపారం చాలాకాలం ఈ తంగేడు చెక్క మీదే నడిచింది. కొలాజెన్ రసాయనం పుస్తకాల్లోకి ఎక్కక ముందే దానితో ఎలా మెలగాలో తెలిసిన చేతులవి.

మేకకాళ్లతో చేసే పాయ సంగతి చూడండి. గంటల తరబడి ఉడికిస్తే నీరు చిక్కబడుతుంది, చల్లారితే గిన్నెలో జెల్లీలా గడ్డకడుతుంది. ఉడికినప్పుడు కొలాజెన్ జెలటిన్‌గా మారుతుందన్న సంగతి పాతదే. మాత్రల మీది తొడుగులు ఈ జెలటిన్‌తోనే చేస్తారు. కాని ఈ మార్పులో అణువుకు ఏమవుతుందో, 1950ల మొదట్లో కూడా ఎవరికీ తెలియదు.

మద్రాసులో మూడు పేటలు

గోపాలసముద్రం నారాయణ రామచంద్రన్ 1922లో ఎర్నాకుళంలో పుట్టాడు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరి, అక్కడి నుంచి సి.వి.రామన్ దగ్గరకు భౌతికశాస్త్రంలోకి మారాడు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర శాఖకు అధిపతి అయ్యేనాటికి ఆయనకు ముప్పయ్యేళ్లు కూడా సరిగా నిండలేదు. ఆ రోజుల్లో మద్రాసు వచ్చిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జె.డి.బెర్నల్ మాటల సందర్భంలో, కొలాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని ఆయనతో అన్నాడు.

రామచంద్రన్‌కు పదార్థం కోసం దూరం పోవలసిన పని లేకపోయింది. కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ పొరుగునే ఉంది. రకరకాల కొలాజెన్ నమూనాలు పరీక్షించగా కంగారూ తోకలోని స్నాయుబంధనం మంచి ఎక్స్-కిరణ చిత్రాన్నిచ్చింది. ఎక్స్-కిరణాలు ఇటువంటి నార గుండా పోయి ఫిల్ము మీద కొన్ని మచ్చలు వేస్తాయి. ఆ మచ్చల ఎడాన్ని బట్టి లోపల ఏది ఎంత దూరానికొకసారి పునరావృతమవుతుందో లెక్కకట్టాలి. బొమ్మ ఎదురుగా కనిపించదు, ఊహించి సరిచూసుకోవాలి.

ఆయన చేతిలో మరో ఆధారం కూడా ఉంది. కొలాజెన్‌ను ముక్కలు చేసి చూసిన రసాయన శాస్త్రజ్ఞులు, అందులో దాదాపు మూడో వంతు గ్లైసీన్ అనే అమైనో ఆమ్లమే అని చెప్పారు. గ్లైసీన్ అన్నిటిలోకీ చిన్నది. మిగతా అమైనో ఆమ్లాలకు పక్కన ఒక కొమ్మ ఉంటే దానికి ఒట్టి హైడ్రోజన్ పరమాణువే ఉంటుంది. మూడో వంతు అంటే ప్రతి మూడో పూసా గ్లైసీనే అయి ఉండవచ్చు కదా? అలా ఎందుకుంటుంది? మూడు గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటే, ప్రతి గొలుసులోనూ ప్రతి మూడో పూస నట్టనడుమకు వస్తుంది. ఆ నడిమి చోటు చాలా ఇరుకు. గ్లైసీన్ తప్ప మరేదీ అందులో పట్టదు.

రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా కలిసి ఈ మూడు గొలుసుల నమూనాను 1954 ఆగస్టులో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. మరుసటి సంవత్సరం దానిని సవరించారు. ఒక్కొక్క గొలుసూ ఎడమవైపు మెలి తిరిగి ఉంటుంది. మూడూ కలిసి ఒకదాని చుట్టూ ఒకటి కుడివైపు మెలి తిరుగుతాయి. తాడు పేనడం చూసినవారికి ఇది వింతేమీ కాదు. ఒక్కో పేటకు ఒక వైపు పురి ఎక్కించి, మూడు పేటలను కలిపేటప్పుడు ఎదురు వైపు తిప్పుతారు. అప్పుడే పురి విడిపోకుండా బిగుస్తుంది. ఒక్కో గొలుసులో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలు. తాడు పొడవు 300 నానోమీటర్లు, మందం 1.5 నానోమీటర్లు.

ఇప్పుడు పాయ గిన్నె దగ్గరకు రండి. బాగా ఉడికినప్పుడు తాడు పురి విడిపోయి మూడు పేటలూ వేరవుతాయి. అదే జెలటిన్. చల్లారేటప్పుడు పేటలు మళ్లీ అక్కడక్కడా ముప్పేటలుగా చుట్టుకుంటాయి. కాని ఏ పేట ఎక్కడ మొదలుకావాలో గురుతు లేదు. అందిన దానితో అందినచోట ముడి పడతాయి. అలా ఏర్పడ్డ వలలో నీరు చిక్కుకుని గడ్డకడుతుంది.

ఒక అభ్యంతరం, ఒక పటం

మద్రాసు నమూనాకు ఆక్షేపణ వెంటనే వచ్చింది. డి.ఎన్.ఎ. నిర్మాణంతో అప్పటికే పేరుపొందిన ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ కలిసి 1955లో తమ నమూనా ప్రకటించారు. మూడు పేటల సంగతి సరే గాని, రామచంద్రన్ నమూనాలో కొన్ని పరమాణువులు ఒకదానికొకటి మరీ దగ్గరగా వచ్చాయని వారి అభ్యంతరం. ఆయన ప్రతి మూడు పూసలకు రెండు హైడ్రోజన్ బంధాలు పెడితే, వారు ఒకటే చాలన్నారు. తరువాతి ప్రయోగాలు బంధాల లెక్కలో రిచ్, క్రిక్‌ల పక్షానే నిలిచాయి. ముప్పేట తాడు అన్న మూల భావన మాత్రం మద్రాసుదే. 1994లో కొలాజెన్ వంటి చిన్న గొలుసుల స్ఫటిక నిర్మాణం తేలినప్పుడు ఆ ముప్పేట కళ్లకు కట్టినట్లు కనిపించింది. పేటల చుట్టూ నీటి అణువులు వంతెనల్లా నిలిచి పట్టు పెంచుతున్నాయని కూడా తేలింది.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఆక్షేపణ తరువాత రామచంద్రన్ చేసిన పని. "మరీ దగ్గర" అంటే ఎంత దగ్గర? బంధం లేని రెండు పరమాణువులు ఎంతవరకు చేరువ కావచ్చు? దీనికి ఊహతో జవాబు చెప్పకుండా, అప్పటికి ప్రచురితమైన స్ఫటిక నిర్మాణాలన్నీ తిరగేసి ఆ దూరాలు పోగుచేయించాడు. తరువాత ప్రశ్నను కొలాజెన్‌తో ఆపకుండా ఏ ప్రోటీన్‌కైనా వర్తించేలా అడిగాడు.

దానిని ఇలా అర్థం చేసుకోవచ్చు. ప్రోటీన్‌లో రెండు అమైనో ఆమ్లాలను కలిపే అతుకు వంగదు, మెలిపడదు. ఆ చుట్టుపక్కల ఆరు పరమాణువులు ఒకే తలంలో పోస్టుకార్డులా చదునుగా ఉంటాయి. కనుక ప్రోటీన్ గొలుసంటే మూలల దగ్గర అతికించిన పోస్టుకార్డుల వరుస అనుకోండి. అతికిన ప్రతి మూల దగ్గరా అటు కార్డు కొంత, ఇటు కార్డు కొంత తిరగగలవు. ఆ రెండు కోణాలకు ఫై, సై అని గ్రీకు అక్షరాల పేర్లు. ఈ రెండు కోణాలూ తెలిస్తే ఆ చోట గొలుసు ఎటు తిరిగిందో తెలిసిపోతుంది, అక్షాంశం, రేఖాంశం చెబితే ఊరు తెలిసినట్లు.

అలా ఫైని అడ్డంగా, సైని నిలువుగా పెట్టి ఒక పటం గీశారు. పటంలోని ఒక్కో బిందువు దగ్గర గొలుసును తిప్పి, ఏ రెండు పరమాణువులైనా హద్దు మీరి దగ్గరపడుతున్నాయా అని లెక్కచూడాలి. పడితే అది నిషిద్ధ ప్రాంతం. సి.రామకృష్ణన్, వి.శశిశేఖరన్ అనే సహచరులతో ఈ పని సాగింది. బల్ల మీది లెక్కల యంత్రంతో చేతితో తిప్పుకుంటూ చేసిన గణనలవి. 1963లో ప్రచురించారు.

ఫలితం ఆశ్చర్యకరం. పటంలో దాదాపు ముప్పాతిక భాగం నిషిద్ధమే! గొలుసు తన ఇష్టం వచ్చినట్లు తిరగలేదు. పరమాణువులకు చోటు చాలదు. మిగిలిన కొద్ది దీవుల్లోనే ప్రోటీన్లలో కనిపించే ప్రసిద్ధ ఆకారాలు, ఆల్ఫా సర్పిలం, బీటా ఫలకం, కొలాజెన్ పేట, అన్నీ కూర్చుని ఉన్నాయి. గ్లైసీన్ ఒక్కదానికి మాత్రం చాలా ఎక్కువ చోటు. పక్కకొమ్మ లేదు గనుక ఇతరులకు నిషిద్ధమైన చోట్లకు కూడా అది వెళ్లగలదు. అప్పటికి పరమాణువుల స్థాయిలో నిర్మాణం తెలిసిన ప్రోటీన్లు వేళ్ల మీద లెక్కించదగినవి. తరువాత వేలు, లక్షలు తేలాయి. నేడు ఒక ప్రోటీన్ నిర్మాణాన్ని అంతర్జాతీయ భాండాగారంలో జమచేయాలంటే తనిఖీలో రామచంద్రన్ పటం ఒక భాగం. ఎక్కువ బిందువులు నిషిద్ధ ప్రాంతంలో పడితే ఎక్కడో పొరపాటు దొర్లిందన్నమాట. వరుసను బట్టి ఆకారాన్ని ఊహించే కంప్యూటరు పద్ధతులకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ ఊహలను సరిచూడటానికి కూడా ఈ పటమే వాడుతున్నారు. రామచంద్రన్ 1970ల మొదట్లో బెంగుళూరు తిరిగి వెళ్లి మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగాన్ని నెలకొల్పాడు. 2001లో మరణించాడు. ఆయనకు నోబెల్ రాలేదు.

పురి విడితే

కొలాజెన్ పేటలు కణం లోపల తయారైన తరువాత కొన్ని ప్రోలీన్ పూసలకు ఒక ఆక్సిజన్, హైడ్రోజన్ జంటను తగిలించాలి. ఈ పనిచేసే ఎంజైముకు విటమిన్-సి కావాలి. ఈ జంట తగలని ముప్పేట దాదాపు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే పురి విడిపోతుంది. మన ఒంటి వేడి 37. సరిగా తయారైన తాడైతే దాదాపు 40 వరకు నిలుస్తుంది. నెలల తరబడి తాజా పళ్లు, కూరలు లేక సముద్రం మీద తిరిగిన నావికులకు చిగుళ్లు కారి, మానిన పాత గాయాలు మళ్లీ తెరుచుకునేవి. ఇదే స్కర్వీ. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు పన్నెండు మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి రకరకాల మందులిచ్చి చూశాడు. కమలాలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. శరీరంలో కొలాజెన్ నిరంతరం పాతది పోయి కొత్తది వస్తుంటుంది. కొత్తది నిలవకపోతే పాత మచ్చ కూడా విడిపోతుంది. ఉసిరికాయ తినమని పెద్దలు ఊరికే చెప్పలేదు.

ఈ మధ్య చర్మం ముడతలు పోవడానికని కొలాజెన్ పొడి అమ్ముతున్నారు. ముందు చెప్పుకున్న జీర్ణక్రియను గుర్తుచేసుకోండి. తిన్న తాడు తాడుగా చర్మంలోకి పోదు. పూసలుగా, చిన్న ముక్కలుగా తెగుతుంది. వాటితో ఏం కట్టాలో మన కణాలే నిర్ణయిస్తాయి.

తాడుకు పుట్టుకతోనే దోషం వస్తే మాత్రం ఉసిరికాయ పనిచేయదు. డి.ఎన్.ఎ.లో గ్లైసీన్‌కు రాసిన మూడక్షరాల మాట జి.జి.తో మొదలవుతుంది. అందులో ఒక జి మారితే గ్లైసీన్ స్థానంలో సెరీన్, సిస్టీన్, ఆర్జినీన్ వంటి పెద్దది వచ్చి కూర్చుంటుంది. వెయ్యి పూసల్లో ఒక్కటే తప్పు. కాని అది పడేది హైడ్రోజన్ తప్ప మరేదీ పట్టని ఆ నడిమి ఇరుకులో! అక్కడ పురి సరిగా బిగియదు. మూడు పేటల్లో ఒకటి చెడినా తాడంతా చెడుతుంది. ఇది పెళుసు ఎముకల వ్యాధికి ఒక ముఖ్య కారణం. వైద్యులు దీన్ని ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా అంటారు. సుమారు 15 నుంచి 20 వేల జననాల్లో ఒకరికి వస్తుంది. బిడ్డను ఎత్తుకుంటే, బట్టలు మారిస్తే కూడా ఎముక విరగవచ్చు. కొందరిలో కంటి తెల్లగుడ్డు నీలంగా కనిపిస్తుంది. అక్కడి కొలాజెన్ పొర పలచబడి లోపలి రంగు తెలుస్తుందన్నమాట. పసిబిడ్డకు పదేపదే ఎముకలు విరుగుతుంటే కొట్టారేమోనని తల్లిదండ్రులనే అనుమానించిన సందర్భాలు ఉన్నాయి. దోషం వారి చేతుల్లో లేదు, ఒక అక్షరంలో ఉంది.

వ్యాధి తీవ్రత అందరిలో ఒకేలా ఉండదు. తప్పు గొలుసులో ఎక్కడుందనేది కూడా ముఖ్యం. మూడు పేటలూ గొలుసు చివరి కొస దగ్గర జతకలిసి, అక్కడి నుంచి జిప్పు వేసినట్లు మొదటి కొస వైపు చుట్టుకుంటూ వస్తాయి. జిప్పు మొదలయ్యే చివరకు దగ్గరలో తప్పు ఉంటే నష్టం సాధారణంగా ఎక్కువ, దూరంగా ఉంటే తక్కువ. దీనికి మినహాయింపులూ ఉన్నాయి. నేడు జన్యుపరీక్షతో ఏ గ్లైసీన్ మారిందో చెప్పగలుగుతున్నారు. ఎముక అరుగుదలను తగ్గించే మందులు, శస్త్రచికిత్సతో ఎముకలో పెట్టే లోహపు కడ్డీలు, జాగ్రత్తగా చేయించే వ్యాయామం చాలామంది పిల్లలను నిలబెడుతున్నాయి. ఆ గ్లైసీన్‌ను తిరిగి దాని చోట కూర్చోబెట్టే చికిత్స మాత్రం ఇంకా పరిశోధనశాలల్లోనే ఉంది.